అన్నం తినేది తాత, పురుగు తినేది కాకి

బెంగళూరు చిక్కపేటలో పట్టుచీర కొనేటప్పుడు అందరూ అంచు చూస్తారు, కొంగు చూస్తారు. నేను మాత్రం మడత విప్పించి, ముక్కు దూర్చి, ఊపిరి పట్టినంతా పీలుస్తాను. మొన్న పెద్దల పండుగకి కాలం చేసిన మా అవ్వ పేరున పెట్టడానికి చీర తీసుకుంటూ అలాగే పీలిస్తే, ఈమె కొనడానికొచ్చిందా తినడానికొచ్చిందా అన్నట్టు అంగడాయన చీరని మెల్లగా తనవైపు లాక్కున్నాడు. ఆ మడతల్లో నాకు తగిలింది పచ్చి మల్బరీ ఆకూ, పేడ అలికిన నేలా, పట్టుపురుగుల చెమటా కలిసిన మా అవ్వ ఇల్లని ఆయనకేం తెలుసు.

బెంగళూరుకి ఉత్తరాన, దేవనహళ్ళి పక్కన ఉండేది ఆ ఊరు. తొంభైల్లో సెలవులకి నేనక్కడ దిగేసరికి నడింట్లో పురుగులు కాపురముండేవి, మనుషులు వసారాలో సర్దుకునేవాళ్ళు. తట్టల్లో లక్షోపలక్షల పురుగులు ఆకు నమిలే చప్పుడుకి వానొచ్చిందనుకొని ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తేదాన్ని. పౌడరు పూసుకోగూడదు, తాళింపు ఘాటెక్కగూడదు, తుమ్మొస్తే పక్కూరికి పోయి తుమ్మాలి. అవ్వని అన్నానికి పిలిస్తే ఏ పూటైనా ఒకటే జవాబు: "పురుగులకి మేతేసి వస్తా." మేం తిని, చెయ్యి కడుక్కొని, మళ్ళీ ఆకలి పుట్టినా ఆమె వచ్చేది కాదు.

బయట మల్బరీ చేలో నీలిరెక్కలు విప్పే పాలపిట్ట, గట్టు మీద తలూపి నన్ను వెక్కిరించే తొండ, పెళ్ళిచూపులకి పోతున్నంత బిడియంగా దారి దాటే ముంగిస, రాగి చేలకవతల నెమలి కూత. వీటన్నిటికీ రాజు కాకి. మా ఊరి కాకి మేకపిల్లంత ఉండేదంటే ఎవరూ నమ్మరు. దూడంత అని చెప్పుంటే కొంచెం తగ్గించుకొని మేకపిల్ల దగ్గరికొచ్చేవాళ్ళు. పండిన పురుగులు పసుపు తిరిగాక, గూడు కట్టుకోవడానికి వాటిని చంద్రికల మీద, అంటే వెదురుతో అల్లిన చాపల మీద వదిలి, పందిరి కింద గాలికి నిలబెట్టేవాళ్ళు. శుభలేఖ అందినట్టు కాకులన్నీ దిగేవి. ఉండేలు పట్టుకొని వాటిని తరమడం నా ఉద్యోగం.

ఒక ఏడు పురుగులు పండే వేళకే పెద్దల పండుగ వచ్చింది. తాత పటం ముందు కొత్త పంచె పెట్టి, అలసంద వడలూ పాయసమూ ఆకులో వడ్డించి, బయటి గోడ మీద పెట్టింది అవ్వ. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టగూడదు. ఆమె నా ఉండేలు లాక్కొని, కాకుల్ని మర్యాదగా పిలవమంది. నిన్నటిదాకా దొంగ, ఈరోజు తాత. నా బుర్ర గిర్రున తిరిగింది.

"అవ్వా, నేను నిన్న కొట్టింది తాతని కాదు గదా?"

"అన్నం తినేది తాత, పురుగు తినేది కాకి. పోయి పిలువు."

గొంతు పోయేలా పిలిచాను. ఊళ్ళోని కాకులన్నీ ఎదురుగా చింతచెట్టెక్కి, నన్నే చూస్తూ కూచున్నాయి గానీ ఒక్కటీ కదల్లేదు. చిన్నాయన నన్ను ఇంట్లోకి పొమ్మన్నాడు, తర్వాత ఇంటి గోడవైపు తిరగమన్నాడు, చివరికి నా తల మీద తువ్వాలు కప్పాడు. లాభం లేదు. వడలు చల్లారాయి. చిన్నాయన కడుపులో ఉరుములు పక్క వీధికి వినబడ్డాయి. తువ్వాలు సందులోంచి చూస్తే అవ్వ మొహం వాడిపోయి ఉంది.

"కోపముండాదేమో ఆయనకి," అంది. "పోయే రోజు మంచినీళ్ళడిగితే, పురుగులకి మేతేసి వస్తానంటి. వచ్చేలోపలే అయిపాయె."

 అవ్వ చంద్రిక దగ్గరికి పోయింది. దేవుడడిగినా ఒక్క పురుగు ఇవ్వని మనిషి, గుప్పెడు పండిన పురుగులు ఏరి, తెచ్చి, వడల మీద పోసింది. తర్వాత వెనక్కి జరిగి, చేతులు కట్టుకొని నిలబడింది.

ఒక ముసలి కాకి దిగింది. తొందరేమీ లేకుండా పురుగులన్నీ ఏరుకొని తిని, పాయసంలో ముక్కు ముంచి, అన్నానికేసి తుడుచుకొని ఎగిరిపోయింది.

"అవ్వా, ఇది తాతా, కాకా?"

"ఆయనే," అంది అవ్వ కళ్ళొత్తుకుంటూ. "మొదట్నుంచీ ఆయనకి నా కష్టమే రుచి." ఆ పూట మాత్రం పురుగుల మాటెత్తకుండా మాతోపాటే విస్తరి ముందు కూచుంది.

ఇప్పుడు ఆ దిక్కున విమానాలు దిగుతున్నాయి. చంద్రికలు రిసార్టుల గోడలకెక్కి, అవేమిటో తెలియనివాళ్ళ వెనక ఫోటోల్లో పడుతున్నాయి. మొన్న పండుగనాడు బెంగళూరు కుందలహళ్ళిలో, మేఘాలు తలుపు తట్టే ఎత్తున ఉన్న మా ఫ్లాటు బాల్కనీలో ఆకేసి, అవ్వకిష్టమైన ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టి పిలిస్తే, కాకి జాడే లేదు. ఒక పావురం వచ్చి అన్నం గతికింది. అవ్వ చెప్పిన లెక్కలో అదే అవ్వ కావాలి. కానీ ఆమె అంత మెత్తగా, గుడుగుడుమంటూ వచ్చే మనిషే కాదు. వాసనకైనా వస్తుందేమోనని కొత్త చీర కొంగు ఆకు పక్కన పరిచాను. పావురం దాని మీదికెక్కి పచార్లు చేసింది.

లోపల్నుంచి మా ఆయన ఆకలిగా అడిగాడు, వచ్చినట్టా రానట్టా అని.

"ఉండప్పా," అన్నాను. "పురుగులకి మేతేసి వస్తాది."