రెండో ముద్ద

వాషింగ్టన్‌లో కార్ల పార్కింగ్ దగ్గర చీట్లు చింపే తిలాయె, ఇథియోపియా వదిలి పారిపోయి వచ్చి ఇక్కడ రెండుగా చీలిన పార్టీలో ఒక చీలికకి అధ్యక్షుడు. ఆదివారాలు ఇస్త్రీ కోటు తొడుక్కుని ములూ నడిపే హోటల్లో ఎడమ గోడ పక్కన కూర్చునేవాడు. కుడి గోడ రెండో చీలిక నాయకుడు దెమిస్సేది. అతను రాగానే తిలాయె పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, ఒక్కోసారి తలకిందులుగా. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. మొన్న ఆదివారం ఇద్దరూ ఐక్యతా పత్రం మీద సంతకాలు చేశారు. ములూ ఒకే పళ్ళెం తెచ్చింది. తిలాయె ఇంజెరా రొట్టె తుంచి, పప్పు చుట్టి, దెమిస్సే నోటికందించి చెయ్యి తుడుచుకున్నాడు.

"అదేంటన్నా, ఒక్కటేనా? మనలో ఒక్క ముద్దతో ఆపితే పగ ఉన్నట్టేగా!" అంది ములూ.

దెమిస్సే మళ్ళీ నోరు తెరిచాడు.

"మూసుకోరా," అన్నాడు తిలాయె. "రెండోది మన దేశం తిరిగెళ్ళాక, అడిస్ అబాబాలో పెడతాను."