ఫినాయిలమ్మ పెరటి గట్టు

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. పెద్దాసుపత్రిలో ఆయాగా చేసేది. ఇంటి గుమ్మం ఎక్కగానే ముందు ఫినాయిలు వాసన పలకరించేది కాబట్టి అందరూ ఫినాయిలమ్మ అనేవారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు. “కంపు కొట్టే పేరైతే కాదుగా!” అని నవ్వేసేది.

మట్టి మాట వస్తే మాత్రం ఆ నవ్వు ఆరిపోయేది. చిన్నప్పుడు ఆమె తమ్ముడు మట్టిలో ఆడుతూ తుప్పు మేకు తొక్కాడు. గాయం చిన్నదే, కట్టు కట్టి మర్చిపోయారు. కొన్నాళ్లకు వాడి దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం. వాడి ఒళ్లు మెలి తిరిగిపోవడం ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. “మట్టిలో ఉన్నదేదో నా కొడుకుని మింగేసింది” అని తల్లి ఏడ్చిన ఏడుపు చెవుల్లోంచి పోలేదు. ఆసుపత్రిలో చీము పట్టిన గాయాలు చూసే కొద్దీ ఆ భయం ముదిరింది.

అలాంటి మనిషికి దొరికిన ఇల్లు సరిగ్గా మిట్ట కింద. వంటగది వెనక తలుపు తీస్తే ఇరుకు సందు, ఆ వెంటనే ఇంటి కప్పు ఎత్తున మట్టి గట్టు. వాన పడితే వానపాములు గడప దాటి లోపలికి పాకేవి. ఒకసారి గిన్నెల బుట్ట కింద జెర్రి కనబడింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి ఆదివారం వస్తే చాలు, నిచ్చెన వేసుకుని గట్టంతా తడిపేది. ఒక వారం ఫినాయిలు, ఒక వారం బ్లీచింగు నీళ్లు.

“ఏమే, గట్టుకి ఆపరేషన్ చేస్తున్నావా?” అనేవాడు భర్త. బస్సు డిపోలో మెకానిక్కు, చేతులకు ఎప్పుడూ గ్రీజే.

“నవ్వు, నవ్వు. రేపు మనవరాలి కాలికి ఏదన్నా గుచ్చుకుంటే తెలుస్తుంది.”

ఏళ్లు గడిచాయి. ముందు వానపాములు రావడం మానేశాయి. తర్వాత గడ్డి మాడిపోయింది. గట్టు మీద ఆయన ముచ్చటపడి నాటిన నిమ్మచెట్టు పసుపెక్కి, ఆకు రాల్చి, నిలువునా ఎండింది. ఎంత ఎరువు వేసినా తేరుకోలేదు. గట్టు బోడిగా, పైన పెచ్చు కట్టినట్టుగా తయారైంది. ఆమెకు మాత్రం అది చూస్తే ప్రాణం కుదుటపడేది. పక్కింటి టైలరు వాళ్ల వైపు అదే గట్టు మీద మోకాలెత్తు పచ్చదనం. కింద రాలిన ఆకులు కుళ్లుతున్నా అతను ఊడ్చేవాడు కాదు.

“కాస్త శుభ్రం చేసుకోవచ్చు కదా?” అని ఆమె అడిగితే, “బద్ధకమమ్మా, ఏం దాచుకోను!” అనేవాడు.

ఆ ఏటి వానలు మొదటినుంచీ పిచ్చిపట్టినట్టు కురిశాయి. గట్టు మీద పడ్డ నీళ్లు లోపలికి ఇంకకుండా జారి, ఎర్రగా, చిక్కగా వంటగదిలోకి వచ్చేవి. ఆమె ఎత్తి పోసేది, మళ్లీ వచ్చేవి. ఒకరోజు గట్టు పైన నెర్రె కనబడింది. చెయ్యి పట్టేంత వెడల్పు. భర్త దాని మీద టార్పాలిన్ కప్పి రాళ్లు పెట్టాడు. పడుకుంటే ఆమెకు గోడ వెనక ఏదో కదులుతున్నట్టే ఉండేది. “వినబడుతోందా?” అని ఆయన్ని లేపేది. ఆయనకు ఏమీ వినబడేది కాదు. అది ఇంకా భయంగా ఉండేది.

కూతురు డ్యూటీకి పోతూ పిల్లను వీళ్ల దగ్గర వదిలేది. ఆ మధ్యాహ్నం పిల్ల వంటగదిలో కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. ఫినాయిలమ్మ ముందు గదిలో బట్టలు మడతపెడుతోంది. బస్తా కింద పడ్డట్టు దబ్బుమని చప్పుడు. వెళ్లి చూస్తే వెనక గోడ లేదు. వంటగదిలో సగందాకా బురద. అందులో నడుందాకా కూరుకుపోయిన పిల్ల, నోరు తెరిచి ఉంది గాని అరుపు రావడం లేదు.

ఆమె ఒట్టి చేతులతో తవ్వింది. గోళ్లు ఊడుతున్నా తెలియలేదు. పైన మిగిలిన గట్టు ముద్దలు ముద్దలుగా రాలుతూనే ఉంది. టైలరు పరిగెత్తుకొచ్చి పిల్ల చంకల కింద చేతులు వేసి లాగాడు. కాళ్లు బయటికి వచ్చాయి. అరికాలి మీద పొడుగ్గా తెగిన గాయం, దాని నిండా మట్టి.

ఆ గాయం చూడగానే ఆమె పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

ఆసుపత్రిలో గాయం కడిగి, కుట్లు వేసి, సూది వేశారు. “చిన్నప్పటి టీకాలన్నీ పడ్డాయి, భయం లేదు” అన్నాడు డాక్టరు. ఆయన మాట ఆమె చెవి దాకా వెళ్లింది గాని గుండె దాకా దిగలేదు. రోజూ పొద్దున్నే పిల్ల ముందు కూర్చునేది.

“నోరు తెరువమ్మా. ఇంకా పెద్దగా.”

“అమ్మమ్మా, నిన్ననేగా తెరిచాను!”

“తెరువు తల్లీ.”

ఒకరోజు పిల్ల అలిగి, పళ్లు బిగించి కూర్చుంది. ఆటకే. ఆ ముసలి ప్రాణం అక్కడికక్కడే పోయినంత పనైంది. ఆమె వణకడం చూసి పిల్లే బెదిరి, మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. గాయం మానింది. కుట్లు విప్పారు. పిల్లకు ఏమీ కాలేదు.

ఇక మిగిలిన గట్టు ఎప్పుడు ఇంటి మీద పడుతుందోనని భయం. పురపాలక ఆఫీసు వాళ్లు వచ్చి, గట్టుకు అడ్డుగోడ కడతాం అన్నారు, ఎప్పుడో చెప్పలేదు. అప్పుడు ఆడపడుచు వచ్చింది. మొక్కల నర్సరీలో పని ఆమెది. గట్టంతా తిరిగి, రెండు గ్లాసుల్లో నీళ్లు తెప్పించింది. ఒక దాంట్లో ఈ గట్టు మట్టిగడ్డ వేసింది, ఇంకోదాంట్లో టైలరు వైపుది. ఈ గడ్డ చూస్తుండగానే విడిపోయి బురదయింది. ఆ గడ్డ అలాగే నిలిచింది.

“ఎందుకలా?” అంది ఫినాయిలమ్మ.

“వీటి వల్ల వదినా.” టైలరు వైపు మట్టిని చీల్చి చూపించింది. సన్నటి వేళ్ల చుట్టూ తెల్లటి నూగు దారాలు. “ఇదో రకం బూజు. వేళ్లు అందుకోలేని చోటినుంచి నీళ్లూ సత్తువా తెచ్చి మొక్కకిస్తుంది, మొక్క దీనికి తిండి పెడుతుంది. మట్టిని కలిపి పట్టుకునేది కూడా ఇదే. వానపాములు బొరియలు చేస్తాయి కాబట్టి నీళ్లు లోపలికి దిగుతాయి. ఆకుల్ని అరిగించి ఎరువు చేసే పురుగులు వేరే ఉన్నాయి. నీ వైపు ఇవేమీ లేవు.”

“నేనే చంపానన్నమాట.”

“వాన కూడా మామూలుగా కొట్టలేదు. అంతా నెత్తిన వేసుకోకు. కానీ గట్టుని పట్టుకున్నవాటిని పంపేసింది మాత్రం నువ్వే.”

ఆమె బురద నీళ్ల గ్లాసును చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: “మరి మా తమ్ముణ్ణి మింగింది?”

“అదీ మట్టిలోనే ఉంటుంది, లేదనను. దానికి సూది ఉంది, చెప్పులున్నాయి. దానొక్కదాని కోసం మిగతావాటిని చంపుకుంటే మనమెక్కడ నిలబడతాం?”

మర్నాటినుంచి పని మొదలైంది. భర్త, ఆడపడుచు కలిసి గట్టును మెట్లుగా చెక్కి గోనెసంచులు పరిచారు. టైలరు తన వైపు నుంచి గడ్డి దుబ్బులు మట్టితో సహా పెళ్లగించి ఇచ్చాడు, బుట్టలకొద్దీ కుళ్లిన ఆకులు కూడా. ఫినాయిలమ్మ రబ్బరు తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, మొహం పక్కకు తిప్పుకుని నాటింది. మొదటి ఏడాది సగం గడ్డి చచ్చింది. మళ్లీ నాటారు. వాన చుక్క పడితే చాలు, అందరూ ముందు గదిలోకి చేరేవారు. వంటగదిలో ఆమె ఒక్కతే నిలబడి, తాము కొత్తగా కట్టించుకున్న వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి వింటూ ఉండేది.

రెండో ఏటి వానలకు గట్టు మీదినుంచి వచ్చిన నీళ్లు పలచగా, దాదాపు తేటగా ఉన్నాయి. ఆమె నమ్మలేక గిన్నెలో పట్టి భర్తకు చూపించింది.

ఆ వానల చివర్లో ఒక పొద్దున ఆమె గట్టు చూసి కెవ్వుమని అరిచి, ఆడపడుచుకు ఫోన్ చేసింది.

“గట్టు మీద తెల్లగా ఏవో లేచాయే! గొడుగుల్లా, గుంపుగా!”

“పుట్టగొడుగులు వదినా. మంచిదే. పిల్లని ముట్టుకోనివ్వకు, తినకండి, అంతే.”

“పీకెయ్యనా?”

“వద్దు. వాటంతటవే పోతాయి.”

ఫోన్ పెట్టేసి ఆమె వెనక తలుపు గడియ వేసింది. కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. భర్త కాఫీ తాగుతూ, “కాపలానా?” అన్నాడు.   ఆ పుట్టగొడుగులు ఎండి వాలిపోయేదాకా ఆమె రోజూ అలా చూస్తూనే ఉంది గాని, ఒక్కదాన్నీ పీకలేదు.