బొబ్బర్ల పూత మీద దున్నిన పెరడు

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో కొత్తిల్లు కొనుక్కున్నాం. మా వెనక కంచె అవతల నుంచే పత్తి చేలు మొదలయ్యేవి. ఇల్లు కట్టినవాళ్లు పైమట్టంతా గీకేసి, మిగిలినదాని మీద గడ్డి పరిచి పోయారు. మొదటి ఏడు నేను నాటిన టమాటా మొక్కలు మోకాలెత్తు కూడా ఎదగలేదు. రెండో ఏడు వంకాయ నారు వారంలో వాడిపోయింది. ఇక తోట సంగతి వదిలేసి ఆఫీసు పనిలో పడ్డాను.

మూడో ఏడు మే నెలలో అమ్మ గుంటూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. నాన్న పోయాక పొలం తనే దగ్గరుండి చేయించుకున్న మనిషి. మర్నాడు పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్లి, నెర్రెలిచ్చిన నేలలోంచి ఒక పెళ్ల ఊడదీసింది.

"ఏమేవ్, ఇది మన నల్లరేగడే! ఇంత దూరం విమానమెక్కించి మళ్లీ ఈ మట్టిలోనే దింపావా నన్ను?" అని పకపకా నవ్వింది.

"అందులో ఏం పండదమ్మా. రెండేళ్లు ట్రై చేశాను."

"పండమని అడిగావు గానీ, దానికి తిండి పెట్టావా ఎప్పుడైనా?"

ఆ శనివారం గ్రోసరీ స్టోర్‌లో బొబ్బర్ల సంచులు కనపడగానే అమ్మ మొహం వెలిగిపోయింది. విత్తనానికని మూడు సంచులు బండిలో వేసింది. మావారు గడ్డి తవ్వి ఇస్తూ నసిగారు. "వీధిలో అందరికీ లాన్ ఉంటే మనకి అడవి ఉంటుందేమో అత్తయ్యగారూ."

"ఉండనీ బాబూ. వెనకవైపు ఎవరు చూస్తారు?"

చూసే మనిషి ఒకాయన ఉన్నాడు. కంచె అవతలి పత్తిచేను ఆయనది. డెబ్బై ఏళ్లుంటాయి. బొబ్బర్లు మొలిచి నేలంతా కమ్మేసిన రోజున కంచె మీద మోచేతులాన్చి, "మా నాన్న కూడా ఇలాగే వేసి దున్నేసేవాడు, నేనే మానేశాను, ఏటా పత్తి మీద పత్తే వేస్తున్నాను" అన్నాడు. అమ్మకి నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఒక మొక్క పీకి, వేళ్లకున్న బుడిపెను గోటితో చీల్చి చూపించింది. లోపల గులాబి రంగు.

"చూడండి బ్రదర్‌గారూ, భూమికి బలం ఇదే" అంది. మా ప్రార్థన కూటంలో మగవాళ్లందరినీ పిలిచినట్టే ఆయన్నీ పిలిచేసింది. ఆయనకి ఆ ఒక్క మాట అర్థమై, టోపీ తీసి మురిసిపోయాడు.

పూత వచ్చింది. కాయలు ఎప్పుడు కోస్తామా అని నేను రోజూ ఆఫీసు నుంచి నేరుగా పెరట్లోకే వచ్చేదాన్ని. అప్పుడు అమ్మ చల్లగా అంది: "రేపు దున్నించెయ్యాలి."

"కాయకుండానేనా? ఇన్నాళ్లకి ఒక్కటి పెరిగితే దాన్నీ చంపేస్తావా?" నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కాయ పట్టిందంటే సత్తువంతా కాయకే పోతుందే. పచ్చిరొట్ట పూత మీదే నేలలో కలవాలి." నా మొహం చూసి కాస్త తగ్గింది. "సరే, ఆ చివరి సాలు నీకు. మిగతాది నేలకి."

మర్నాడు పత్తిచేను పెద్దాయన తన టిల్లర్ తెచ్చి దున్నిపెట్టాడు. మూడు వారాలు ఆగి, ఒకే రకం కాకుండా మెంతి, కొత్తిమీర, ముల్లంగి, ఆవ, పాలకూర కలిపి చల్లింది అమ్మ. అక్టోబరుకల్లా వేలు గుచ్చితే దిగేంత గుల్లబారింది నేల. ముల్లంగి పీకితే వానపాము వేలాడుతూ వచ్చింది. నేను కెవ్వుమన్నాను. అమ్మ దాన్ని జాగ్రత్తగా మట్టిలోకి వదిలి, "వచ్చావా నాయనా" అంది. ఆ వారం ప్రార్థన కూటానికి నాలుగు సంచుల ఆకుకూర పట్టుకెళ్తే, ఆమెన్ అన్న వెంటనే ఆంటీలందరూ సంచుల చుట్టూ మూగారు.

అమ్మ తిరుగు ప్రయాణం దగ్గరపడింది. పత్తి తీసేసిన చేలో ఒక చిన్న చెక్క నేలకి ఆ పెద్దాయన వెచ్ అనే తీగజాతి విత్తనం, రై అనే గడ్డిజాతి గింజలు కలిపి తెచ్చుకున్నాడు. చలికాలమంతా నేలను కప్పి ఉంచి, వసంతంలో దున్నేస్తాడట. అమ్మని చల్లమని అడిగాడు. చీర మీద నా జాకెట్, కాళ్లకి నా స్నీకర్లు వేసుకుని, కొంగులో గింజలు పోసుకుని ఆ చెక్క ఈ చివర నుంచి ఆ చివరకి చల్లుకుంటూ నడిచింది. వెనకాల ఆయన ట్రాక్టర్‌తో మట్టి కప్పుకుంటూ వచ్చాడు.

అయిపోయాక ఆయన దిగి సీటు చూపించాడు. "ఛ, నేనా?" అంటూనే చీర కుచ్చెళ్లు దోపుకుంది అమ్మ. ఆయన మెట్టు మీద నిలబడి స్టీరింగ్ ఒక చేత్తో పట్టుకుని ఉంటే, చేను గట్టు వెంబడి చాలా నెమ్మదిగా ఒక చుట్టు నడిపింది.

"ఏమేవ్, చూడవే! నేను డ్రైవ్ చేస్తున్నానే!" అని చేనంతా వినపడేలా అరిచింది.