బావ మేడ మీది వంపు పాయింటు

మొన్న గోడలకు రంగులు వేయిద్దామని బీరువా పక్కకు జరిపిస్తే, దాని వెనక నుంచి మూరెడు ప్లైవుడ్ ముక్క ఒకటి బయటపడింది. దాని మీద బొటనవేలంత వెడల్పున్న రైలు పట్టా, ఒక వంపులో రెండుగా చీలి ఉంది. రంగులేసే మనిషి దాన్ని తిరగేసి చూసి, "ఇదేటి బాబూ, మీ పిల్లలు ఆడుకున్నదా? పారీమంటారా?" అన్నాడు. నేను గబుక్కున చేతిలోంచి లాక్కున్నాను. మాకు పిల్లలు లేరు. అది మా బావది.

బావ అంటే మా ఆవిడ అన్నగారు. నేను విజయనగరంలో ట్రెజరీ గుమస్తాని, ఆయనకు రాజాంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం గానీ, మా మధ్య చనువు అంతవరకే. రాజాంకి రైలు లేదు. రైలెక్కాలంటే ఆమదాలవలసకో చీపురుపల్లికో పోవాలి. అలాంటి ఊళ్ళో ఈయన కొట్టు మీది గదిలో, నాలుగు గోడల చుట్టూ బల్లలు బిగించి, బొమ్మ రైలు వేసుకున్నాడు. బొమ్మ అంటే ఊరుకునేవాడు కాదు. ఇంజనుంది, పెట్టెలున్నాయి, అట్టతో కట్టిన స్టేషనుంది, దానిలో ఎప్పుడూ ఎవరూ దిగని ప్లాట్‌ఫారముంది. "మా అన్నయ్య పెళ్ళి మానేసి రైలుని కట్టుకున్నాడు" అని మా ఆవిడ నవ్వేది. పుట్టింటికి వెళ్తే మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని పైకెక్కి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆ రైలునే చూసేది. నేను కింద పేపరు చదువుకునేవాణ్ణి.

ఆవిడ పోయాక, కర్మకాండ ముగిసి చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. బావ ఆఖర్న చెప్పులేసుకుంటూ, "ఆదోరం ఓపాలి రాజాం వస్తావేటి బావా? రైలుబండి పట్టా మీంచి పడిపోతన్నాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెల్లెలు పోయిన మనిషి మాట్లాడే మాటా అది? అయినా ఆదివారం వచ్చేసరికి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. రెండు కంచాలు తీసి ఒకటి లోపల పెట్టి, ఆ ఒక్కదాంట్లో కూడా తినలేక బస్సెక్కాను.

గదిలో అంతా పాతదే, స్టేషను తప్ప. మూలనున్న స్టేషనుని ఆయన కిటికీ ఉన్న గోడ వైపుకు మార్చాడు. పట్టా రెండుగా చీలే చోటుని పాయింటు అంటారు. మామూలు పాయింటులో ఒక దారి తిన్నగా పోతుంది, రెండోది పక్కకు తిరుగుతుంది. ఈయన వేసినదాంట్లో రెండు దారులూ ఒకే వైపుకు వంగుతాయి, ఒకటి కొంచెం, ఒకటి బాగా. ఇంజను దాటేది, వెనక పెట్టెలు మాత్రం అక్కడికి రాగానే పక్కకు ఒరిగిపోయేవి. ఆ పూటంతా పెట్టెలు ఎత్తి పట్టాల మీద పెట్టడమే సరిపోయింది. విసుగొచ్చి, "వంపు దాటాక తిన్నటి పాయింటే వేసుకోవచ్చు కదా" అన్నాను.

"అలగైతే ప్లాట్‌ఫారం పొట్టైపోతాది బావా. సగం బండి కిటికీ అవతలే ఆగిపోద్ది" అన్నాడు, తల ఎత్తకుండా. ఒరిగిన పెట్టెని నిలబెట్టి, "సెల్లి అక్కడ కూకునీది. బండంతా దానెదర ఆగాల" అన్నాడు.

పెట్టెలు ఎత్తి పెడుతూ ఉండిపోయాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. వానాకాలం చెమ్మకు బల్ల ఉబ్బి పాయింటు కింద ఎత్తుపల్లాలొచ్చాయని తాపీమేస్త్రీల మట్టం తెచ్చి కనిపెట్టాం. శుభలేఖ అట్టలు కత్తిరించి కింద పెట్టి సరిచేశాం. పెట్టెలు మరీ తేలికగా ఉన్నాయని వాటి కడుపులో ఇనప నట్లు అంటించాం. దారి మార్చే సన్నటి రేకు పక్క పట్టాకి పూర్తిగా ఆనడం లేదు, ఎప్పుడో పడిన జిగురు చుక్క అడ్డం. దాన్ని బ్లేడుతో గీకాం. అయినా ఆఖరి పెట్టె పడేది. చివరికి దాని ఒక ఇరుసు మీది చక్రాలు రెండూ ఉండాల్సినదానికన్నా దగ్గరగా జరిగిపోయాయని తేలింది. తిన్నటి దారిలో ఆ తేడా తెలియదు, వంపులో పట్టా చీలే చోట చక్రం తప్పు సందులోకి దూరుతుంది. ఈ పనుల మధ్య మేం ఆవిడ మాట ఒక్కటీ అనుకోలేదు. బావ ఉప్మా చేసేవాడు, అది ఎప్పుడూ అడుగంటేది, ఇద్దరం బాగుందనుకుంటూ తినేవాళ్ళం.

చక్రాలు సరిచేసిన రోజు మధ్యాహ్నం, బండి గది చుట్టూ తిరిగి, వంపులో పాయింటు మీద చిన్నగా టకటకలాడి, ఒక్క పెట్టె కూడా పడకుండా కిటికీ ఎదురుగా వచ్చి ఆగింది. కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరిలో ఎవరమూ కూర్చోలేదు. బావ భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనాయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

పని అయిపోయింది కదా అని తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఫోను మోగింది.

"ఏటి బావా, రాలేదేటి?"

"బండి నడుస్తోంది కదా, బావా."

"నడుస్తాది. నానొక్కణ్ణీ కూకుని ఏటి సూడను?"

మళ్ళీ బస్సెక్కాను. అలా కొన్నేళ్ళు. ఆయన సెనక్కాయలు ఉడకబెట్టేవాడు, బండి తిరిగేది, ఆవిడ చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటీ చెప్పేవాడు. నా భార్య నాకు సగమే తెలుసని ఆ గదిలో తెలిసింది. నిరుడు వానల్లో, కొట్లోనే, గుండె ఆగి పోయాడు. కొట్టు దాయాదులు తీసుకున్నారు. మేడ మీద బల్లలు ఊడదీస్తుంటే నేను అడిగింది ఈ ఒక్క ముక్కనే.

ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. అప్పుడు రాజాంలో ఆఖరి బస్సు వేళ ఎంత తొందరగా అయిపోయేదో! ఇప్పుడు మధ్యాహ్నం నుంచి సాయంత్రం కావడానికే చాలా సేపు పడుతోంది.