బుదైయాలో మా రేకుల షెడ్డు

ఈ అరబ్బు దేశంలో, బుదైయా ఊళ్ళో మేం అద్దెకుంటున్న ఇంటి వెనక, ఆ ఇంటి ఓనరైన మా ఇంటామె ఖర్జూర తోట ఉంది. తోట నడుమ మా తెలుగు ప్రార్థన సంఘం కోసం ఒక రేకుల షెడ్డు ఉండేది. నవంబరులో, రెండో శుక్రవారం వేశాం. రేకులు పదహారు, గొట్టాలు తొమ్మిది. అందులో ఒక గొట్టం వంకర.

మా ఇంటామెకు పిల్లలు లేరు. తన తర్వాత తోట మేనల్లుడికి పోతుంది. పోనీ అంటుంది ఆమె, కానీ అందులో ఇళ్ళు లేవకూడదు. అందుకని వకీలు చేత ఒక ఒప్పందం రాయించింది. తోట ఎవరి చేతికి వెళ్ళినా, ఎన్నిసార్లు అమ్ముడుపోయినా, చెట్లూ నీటి కాలువలూ అలాగే ఉండాలి. కొత్త కట్టడం కూడదు. సంతకం రోజుకు ఉన్న కట్టడాన్ని మాత్రం ఉంచుకోవచ్చు, పాతబడితే అదే చోట మళ్ళీ కట్టుకోవచ్చు. ఏమున్నాయో చూసి రాసుకోవడానికి ఆదివారం సర్వేయరు వస్తాడన్నారు.

ఆ ముందు శుక్రవారం మేనల్లుడు మా కూడికకు బిస్కెట్ డబ్బాలతో వచ్చాడు. అంతకుముందు రెండేళ్ళలో అతను నాకు సలాం చెప్పిన గుర్తు లేదు.

"ఈ రేకులేంటి ఆంటీ, ఉడికిపోతారు. రేపే నాలుగు గోడలు లేపిస్తా, తర్వాత స్లాబు వేయిస్తా. ఏసీలు కూడా నావే."

సంఘమంతా ఆమెన్ అంది. మా సంఘపెద్దది జగిత్యాల దగ్గర ఊరు, వెల్డింగ్ పని. షెడ్డు వేసింది ఆయనే. లేచి నిలబడి మేనల్లుడి కోసం పది నిమిషాలు కృతజ్ఞతా ప్రార్థన చేశాడు.

నేను మేనల్లుణ్ణి అడిగాను. "బాత్రూమ్ కూడా కడతావా బాబూ?"

"మూడు కడతా."

"మేం కూడుకునేది వారానికి మూడు గంటలు. మూడు బాత్రూములు దేనికి?"

"అతిథులు వస్తారు కదా ఆంటీ."

సాయంత్రం వెళ్ళి ఇంటామెకు చెప్పాను. మా ఇద్దరి మాటా హిందీ, అరబ్బీ కలిపిందే. ఆమె చాలాసేపు టీ కలుపుతూ కూర్చుంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"గోడలు ఆపిస్తా. కానీ మీ షెడ్డు ఉన్నా చాలు, ఈరోజు షెడ్డు, రేపు దాని చోటే విల్లా. అయినా అది మీ దేవుడి చోటు సిస్టర్. తీసేయమని నా నోటితో అనను."

అనకపోతే తోట పోతుంది. అక్కడి నుంచే సంఘపెద్దకు ఫోన్ చేశాను.

"గట్లెట్లమ్మా? నా చేత్తోని నిలబెట్టిన, నా చేత్తోనే కూలగొట్టాల్నా?"

"నీ చేత్తో విప్పితే బోల్టులైనా దక్కుతాయి."

"బోల్టులేడియమ్మా, అంత వెల్డింగే."

"అయితే కోయి."

"మరి ఆ పిలగాని కోసం చేసిన ప్రార్థన? వాపస్ తీస్కోవాల్నా?" అన్నాడు.

"వద్దు. ఇచ్చింది ఇచ్చాం."

శనివారం కట్టర్ తెచ్చి కోశాడు. కోసినంతసేపూ వంకర గొట్టాన్ని తిట్టాడు. గుంతలు నేనే దగ్గరుండి పూడ్పించాను.

ఆదివారం సర్వేయరుకు మేనల్లుడు ఆ పూడ్చిన గుంతలు చూపించాడు. "నిన్న పొద్దున దాకా ఇక్కడ కట్టడం ఉంది."

"ఇప్పుడు ఉందా?"

"లేదు."

"ఖలాస్," అని సర్వేయరు కట్టడాల దగ్గర 'లేవు' అని రాసి, తర్వాతి చెట్టు దగ్గరికి నడిచాడు. ఇంటామె ఆ రోజే సంతకం పెట్టింది.

ఇప్పుడు చెట్ల కింద చాపలు వేసుకుంటున్నాం. నీడ జరిగినప్పుడల్లా ప్రసంగం ఆపి చాపలు జరుపుకోవాలి. ఎండలు ముదిరాక ప్రసంగం ముప్పావు గంట నుంచి ఇరవై నిమిషాలకు తగ్గింది. షెడ్డు పోయిందని ఇప్పటికీ నొచ్చుకునేవాళ్ళు సంఘంలో ఉన్నారు. ప్రసంగం తగ్గిందని నొచ్చుకున్నవాళ్ళు మాత్రం ఇంతవరకూ నాకు తారసపడలేదు.