మెల్లిగా, కారు వింటుంది!

సర్వేయరుగారికి ఒకటే జబ్బు. కారుకు ఆయువు తీరిందన్న మాట ఆ కారు ముందు చచ్చినా అనరు.

గుద్దుకున్న కార్లను చూసి బీమా కంపెనీకి నివేదిక రాయడం ఆయన పని. బాగుచేయడానికయ్యే ఖర్చు కారు విలువను మించితే 'టోటల్ లాస్' అని రాయాలి. అప్పుడు కంపెనీ, కారు యజమానికి ఆ విలువ చెల్లించి, కారును తుక్కుకు పంపేస్తుంది. మిగతా సర్వేయర్లు బానెట్ మీదే కాగితం పెట్టి ఆ ముక్క గీకేసి పోతారు. ఈయన మాత్రం కొలతల టేపు చుట్టేసి, బానెట్‌ను రెండుసార్లు నిమిరి, యజమానిని రిపేరు షెడ్డు వెనక పాత టైర్ల గుట్ట దాకా నడిపించుకుపోతారు.

"ఇక్కడే చెప్పొచ్చుగా సార్?" అని మేస్త్రి మొదట్లో అడిగాడు.

"ష్! వింటుంది."

"దానికి చెవులెక్కడివండీ?"

"హారనుందా, లేదా? నోరున్నదానికి చెవులుండవూ?"

మేస్త్రి మళ్ళీ అడిగితే ఒట్టు. ఒకసారి లారీ కింద నలిగి, దుప్పటిలా మడతపెట్టి బీరువాలో దాచుకోదగ్గ కారొకటి వచ్చింది. దాని ముందు కూడా ఆయన, "కాస్త నీరసం, అంతే" అన్నారు.

ఇంకో నియమం కూడా ఉంది. కారు నడిపినవాళ్ళు దాని పక్కనే కూర్చోవాలి. "రోగిని ఒంటరిగా వదలకూడదయ్యా" అంటూ అందుకొక మడత కుర్చీ కూడా కొనిపెట్టారు.

మొన్న ఆ కుర్చీలో ఒకావిడ కూర్చుంది. వయసు యాభై రెండు, లైసెన్సు వయసు పదకొండు రోజులు. వంతెన గోడను ముద్దాడిన ఎర్రకారు ముందు భాగం డాష్‌బోర్డు దాకా ముడుచుకుపోయింది. మిగిలిన ఒక్క అద్దాన్ని ఆవిడ చేతిరుమాలుతో తుడుస్తోంది.

"మేస్త్రీ, ఇంక మావారు నా చేతికి తాళాలివ్వరు కదూ?"

మేస్త్రి టైరు కావాలన్న వంకతో షెడ్డు వెనక్కి జారుకున్నాడు. అక్కడ భర్త వీరంగం వేస్తున్నాడు.

"ముందే మొత్తుకున్నాను సార్! ఈ వయసులో నీకు డ్రైవింగేంటే అని! ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోనివ్వను!"

"తిట్లు ఇంకా ఉన్నాయా?" అన్నారు సర్వేయరుగారు.

"బోలెడున్నాయి!"

"కానివ్వండి. అదిగో, ఆ లారీ టైరు గట్టిది. దాన్ని తన్నండి."

భర్త తన్నాడు. బొటనవేలు పట్టుకుని నాలుగు గంతులేసి, ఆ టైరు మీదే కూలబడ్డాడు.

"అయిపోయాయా? అవన్నీ ఇక్కడే వదిలేసి రండి. ఇరవై ఏళ్ళుగా అందరూ ఇక్కడే వదిలిపోతున్నారు. ఇంతకీ ఆవిడకు దెబ్బేమైనా తగిలిందా?"

భర్త టైరు మీంచి లేచాడు. పొద్దుట్నుంచీ ఆ ఒక్కటీ అడగలేదు.

మేస్త్రి షెడ్డు వైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ మడత కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

భర్త కుంటుకుంటూ వచ్చి, "మెడ ఏమైనా పట్టేసిందా?" అని అడిగాడు.

"లేదండీ. మీ కాలికేమైంది? కారు... టోటల్ లాసేనా?"

భర్త గబుక్కున అటూ ఇటూ చూసి, ఆవిడ చెవి దగ్గరకు వంగాడు.

"మెల్లిగా, వింటుంది! కొత్తది కొన్నాక వంతెన దగ్గర కాస్త నిదానంగా నడుపు."

సర్వేయరుగారు ఎర్రకారును నిమిరి, "కాస్త నీరసం, అంతే" అన్నారు.

ఎందుకైనా మంచిదని మేస్త్రి చేతిలోని సుత్తిని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.