కూలిన వంతెనను గీయడం

ఆ ఏడు నేను కెనడాలోని కిచెనర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ల బేస్‌మెంట్‌లో ఇద్దరు స్టూడెంట్లు అద్దెకుండేవారు. ఒకరిది గుంటూరు వైపు. రెండో అమ్మాయిది కరీంనగర్. అక్కడ పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఇక్కడ ఇంటీరియర్ డిజైన్‌లో చేరింది. ఆమెకు చివరి సెమిస్టర్‌లో డ్రాయింగ్ సబ్జెక్టు ఒక్కటే మిగిలింది. అది పాసైతేనే వర్క్ పర్మిట్‌కు అప్లై చేయగలదు.

పంతొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడొకడు ఇటలీలో తిరుగుతూ గీసిన బొమ్మలు అప్పుడు ఊళ్లో గ్యాలరీలో పెట్టారు. కొండలు, పైన్ చెట్లు, రోమన్ల నాటి శిథిలాలు. పెన్సిలు గీతల మీద పలచటి గోధుమరంగు సిరా. వాటిలో ఒకదాన్ని చూసి గీసుకురమ్మంది టీచర్. ఈ అమ్మాయి, ఒకప్పుడు ఊరికి నీళ్లు తెచ్చిన రాతి వంతెనను ఎంచుకుంది. గీసి ఇస్తే టీచర్ తిప్పి పంపింది. శుక్రవారంలోగా మళ్లీ గీయాలట.

వంటింటి బల్ల మీద ఆ కాగితం నేనూ చూశాను. ఆర్చీలన్నీ నిండుగా, ఒకే కొలతలో నిలబడి ఉన్నాయి. అసలు బొమ్మలో వంతెన సగం కూలిపోయింది.

"ఇటలీ వాళ్లకి దొరకని సిమెంటు నీకెక్కడ దొరికిందే?" అంది గుంటూరమ్మాయి.

"నవ్వకే. సగం గీస్తే పాలిటెక్నిక్‌ల మా సార్ ఇన్‌కంప్లీట్ అని రెడ్ పెన్నుతో కొట్టేస్తుండె."

"ఇక్కడ కంప్లీట్ చేసినందుకు కొట్టారుగా!"

గురువారం నేను కూడా ఆమె వెంట గ్యాలరీకి వెళ్లాను. లోపలికి పెన్నులు రానివ్వరు, పెన్సిలే. ఆమె స్టూలు మీద కూర్చుని నిలిచి ఉన్న స్తంభాలను చకచకా గీసింది. వంతెన విరిగిన చోట చెయ్యి ఆగిపోయింది.

"అంకుల్, ఈడ రాయి ఉన్నదా, నీడనా?"

"నాకూ తెలియడం లేదు."

"మరి ఏం గీయాలె?"

"నేను పనిచేసిన న్యూస్‌పేపర్లో అయితే తెలియనిది రాసేవాళ్లం కాదు."

"మీకేం అంకుల్, మీకు మార్కులు లేవు" అని లేచి బొమ్మ దగ్గరికి వెళ్లింది. గార్డు చిన్నగా దగ్గాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి అక్కడే నిలబడింది.

"ఈయన ఈడ ఏం గీయనే లేదు అంకుల్. గడ్డి రెండు గీతలు, అంతే. మిగతాది ఉత్త కాగితం."

తిరిగొచ్చి ముందుగా ఆ గడ్డి గీసింది. తర్వాత దాని కింద రాళ్లు. పైన ఏమీ గీయలేదు. ఒకసారి పెన్సిలు అటు పోయింది గాని, వెనక్కి తీసుకుంది.

పై వారం బస్‌స్టాప్‌లో కనిపించింది. పాసైందట, అత్తెసరు మార్కులతో. ఎడమ పక్క స్తంభం ఇంకా కొత్తగానే ఉందని టీచర్ రాసిందట.

"నిజమే అంకుల్, అలవాటు పోలే" అంటూనే ఫోన్ తీసింది. వేర్‌హౌస్ షిఫ్టుకు తీసుకెళ్లే బస్సు వచ్చేలోగా వర్క్ పర్మిట్‌కు అప్లై చేయడం మొదలుపెట్టింది.